అత్తయ్య పేషన్సు

పేషన్సు ఆడటం నాకు మా పెద్దత్తయ్య నేర్పింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులకి రేపల్లె వెళ్తే, మధ్యాహ్నం భోజనాలై ఇల్లంతా కునుకు తీస్తున్న వేళ, ఆవిడ వెనక వసారాలో చాప పరుచుకుని ఒక్కతే పేకముక్కలు పేర్చుకుంటూ ఉండేది. పేకాటంటే నలుగురు గుండ్రంగా కూర్చుని ఆడేదని, అదీ మగవాళ్ళే ఆడతారని తెలిసిన నాకు అది వింతగా ఉండేది. "ఎవరితో ఆడుతున్నావత్తయ్యా?" అని అడిగాను. "ముక్కలతో" అంది తలెత్తకుండా.

ఆ ఆటని ఇప్పుడు అందరూ సాలిటైర్ అంటున్నారు. కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే మనలో దాని మొహం చూడనివాళ్ళు తక్కువే అనుకుంటాను. థీసిస్ రాస్తూ, పేపర్లు దిద్దుతూ, వాక్యం ముందుకు కదలని రాత్రుళ్ళు నేను ఎన్ని వందల ఆటలు ఆడానో లెక్కలేదు. చాలాకాలం దాన్ని ఎవరికీ చెప్పుకోకూడని బలహీనతగా దాచుకున్నాను. ఇప్పుడు దాని గురించే రాయాలనిపిస్తోంది. ఆ ఆట ఎలా గెలవాలో చెప్పకుండా మా అత్తయ్య గురించి నేను చెప్పలేను.

ముందు ఆట. 52 ముక్కలు బాగా కలిపి ఏడు వరసలు పేర్చాలి. మొదటి వరసలో ఒకటి, రెండో దాంట్లో రెండు, అలా ఏడో వరసలో ఏడు. ప్రతి వరసలోనూ చివరి ముక్క ఒక్కటే మొహం పైకి ఉంటుంది, మిగతావన్నీ బోర్లా. మొత్తం 28 ముక్కలు నేలమీద, 24 చేతిలో. నేలమీద ముక్కల్ని పెద్దదాని మీద చిన్నది, ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు వచ్చేలా కదుపుకోవాలి. కళావరు తొమ్మిది మీద ఆఠీను ఎనిమిది, దాని మీద ఇస్పేటు ఏడు, ఇలా. కుదిరిన వరసని మొత్తంగానూ కదపొచ్చు. పైముక్క తప్పుకుంటే కింద బోర్లా ఉన్నదాన్ని తిప్పుకోవచ్చు. వరస ఖాళీ అయితే అక్కడ రాజుకి మాత్రమే చోటు. ఆసులు దొరికినప్పుడల్లా పైన విడిగా పెట్టి, వాటి మీద అదే గుర్తు ఉన్న రెండు, మూడు అంటూ రాజు దాకా కట్టుకుంటూ పోవాలి. నాలుగు కట్టలూ పూర్తయితే గెలిచినట్టు. చేతిలో ముక్కల్ని మూడేసి తిప్పాలి, పైన కనపడిందాన్నే వాడుకోవాలి. ఒక్కొక్కటే తిప్పుకునే పద్ధతి కూడా ఉంది. అత్తయ్యకి అది నచ్చేది కాదు. "అది పిల్లలాట" అనేది.

ఈ ఆట ఆవిడకి బిట్రగుంటలో వచ్చింది. మామయ్య రైల్వేలో పనిచేసేవాడు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట పెద్ద రైల్వే కాలనీ. లోకో షెడ్డు, దాని చుట్టూ క్వార్టర్లు, వాటిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. పక్క క్వార్టర్లో ఉన్నావిడ భర్త రాత్రి డ్యూటీకి పోయినప్పుడల్లా వరండాలో బల్ల వేసుకుని ఒక్కతే ఆడుకునేదట. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు అంతంతమాత్రం. ముక్కలు కదిపి చూపిస్తూనే నేర్పేసింది. మామయ్య 1975లో పోయాడు. అప్పటికి అత్తయ్యకి 24 ఏళ్ళు, పెళ్ళయి మూడేళ్ళు. పిల్లల్లేరు. పుట్టింటికి తిరిగొచ్చినప్పుడు తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో చీరల కింద పేక కట్ట కూడా ఉందని నానమ్మకి చాలారోజులు తెలియదట.

తెలిశాక గొడవ. మొగుడు పోయిన మనిషి పేక పట్టుకోవడమేమిటని నానమ్మ ఏడ్చింది. అదే ఇంట్లో తాతయ్య రోజూ సాయంత్రం క్లబ్బుకి పోయి రమ్మీ ఆడి వచ్చేవాడు. డబ్బు పోగొట్టుకుని వచ్చిన రోజులూ ఉన్నాయి. దాన్ని ఎవరూ తప్పనలేదు, సరదా అన్నారు. పైగా ఆయన దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది: "రమ్మీ జూదం కాదు, సుప్రీంకోర్టే చెప్పింది." నిజంగానే చెప్పింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద మన పోలీసులు పెట్టిన కేసులో, 1967లో. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో అదృష్టం కన్నా నైపుణ్యానిదే పెద్దపాలు అని. ఆ తీర్పుని నేను తర్వాతెప్పుడో చదివాను. చదువుతున్నంతసేపూ మా ఇల్లే గుర్తొచ్చింది. తాతయ్య చేతిలో ముక్కలు నైపుణ్యం. ఆయన కూతురి బతుకు గురించి మాటొస్తే మాత్రం "దాని రాత". నైపుణ్యం అనే మాట ఆవిడ దాకా రాలేదు.

చివరికి, ఎవరి జోలికీ పోకుండా ఒక మూల పడుంటుంది కదా అని ఊరుకున్నారట. తాతయ్య క్లబ్బులో నలిగిపోయిన కట్టలు తెచ్చి ఆవిడకి ఇచ్చేవాడు కూడా. "ఓపిక గల పిల్ల" అని బంధువులు మెచ్చుకునేవాళ్ళు. ఆట పేరుకి అర్థం అదేనని వాళ్ళకి తెలియదు.

ఈ ఆటకీ ఆడవాళ్ళకీ సంబంధం పాతదే. 18వ శతాబ్దం చివర్లో ఉత్తర ఐరోపాలో దీని జాడలు మొదలయ్యాయి. 1870ల ప్రాంతంలో లేడీ అడిలైడ్ కాడొగన్ అనే ఇంగ్లీషావిడ రాసిన పేషన్స్ ఆటల పుస్తకం చాలా ముద్రణలు పొందింది. తీరిక ఉండి, బయటికి పోయే స్వేచ్ఛ లేని గదుల్లో ఈ ఆట బాగా పెరిగింది. 1990లో విండోస్ 3.0తో పాటు అది కంప్యూటర్లలోకి వచ్చింది. రాసినవాడు వెస్ చెర్రీ, అప్పటికి ఇంటర్న్‌గా ఉన్న కుర్రవాడు. మనం తెర మీద చూసిన ఆ ముక్కల బొమ్మలు గీసింది సూజన్ కేర్ అనే స్త్రీ. మౌస్ పట్టుకోవడం, లాగి వదలడం ఉద్యోగులకి అలవాటయ్యేందుకు ఆ ఆట బాగా పనికొచ్చింది. అంటే ఓపికకి మళ్ళీ ఆఫీసులో పని దొరికిందన్నమాట.

కానీ ఈ ఆటని ఓపిక గెలిపించదు. అత్తయ్య నాకు మొదట చెప్పిన సంగతి అదే. కూర్చుని తిప్పుకుంటూ పోతే ఏదో ఒకటి వస్తుందిలే అనుకునేవాళ్ళు ఓడిపోతారు. గెలవాలంటే చూడాల్సింది పైకి కనపడే ముక్కల్ని కాదు, బోర్లా ఉన్నవాటిని. ఏ కదలికయినా చేసేముందు, దీనివల్ల మూసిన ముక్క ఏదైనా తెరుచుకుంటుందా అని అడగాలి. కళావరు పది మీదకి ఆఠీను తొమ్మిదీ వెళ్ళగలదు, డైమను తొమ్మిదీ వెళ్ళగలదు అనుకోండి. దేని కింద ఎక్కువ ముక్కలు మూసి ఉన్నాయో దాన్ని కదపాలి. నేలమీద ముక్కతో పనవుతుంటే చేతిలోది వాడకూడదు. రాజు సిద్ధంగా లేనప్పుడు వరసని ఖాళీ చెయ్యకూడదు, ఆ చోటు వృథాగా పడి ఉంటుంది. రెండు రాజులుంటే తొందరపడకూడదు. ఏ రంగు రాణి, జాకీ కదలడానికి ఎదురుచూస్తున్నాయో చూసి దానికి తగిన రాజుని దింపాలి. చేతి కట్టని మొదటిసారి ఏమీ తీయకుండా మొత్తం తిప్పి చూడటం మంచిది. అందులోంచి ఒక్క ముక్క తీసినా, తర్వాతి సారి దాని వెనకవాటి వరస మారిపోతుంది. ఇప్పటిదాకా మరుగున ఉన్నవి పైకొస్తాయి, పైన ఉన్నవి మరుగున పడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. ఆసుని, రెండుని వెంటనే పైకి పంపెయ్యొచ్చు, నష్టం లేదు. ఆపైన ముక్కలు పైకి పంపడానికి వీలుంది కదా అని పంపకూడదు. పైన కట్ట పెరుగుతుంటే గెలుస్తున్నట్టే ఉంటుంది. కింద మాత్రం ఆ ముక్క మీద ఆధారపడాల్సిన ఇంకో ముక్కకి చోటు పోతుంది.

2016లో నేను ఆ తప్పే చేస్తూ దొరికాను. అప్పటికి పిహెచ్‌డి రిజిస్టరయి నాలుగేళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. నా భర్త ఉద్యోగం బెంగుళూరులో. నా విశ్వవిద్యాలయం, గైడు, గ్రంథాలయాలు హైదరాబాదులో. ఇంట్లో ఎవరూ చదువు మానెయ్యమనలేదు. "కాస్త ఓపిక పట్టమ్మా, ఏడాది పోతే అన్నీ సర్దుకుంటాయి" అనేవారు మా అత్తగారు, ప్రేమగానే. ఆ ఏడాది పోతే ఇంకో ఏడాది. థీసిస్ మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. రేపల్లెకి నాలుగు రోజులని వెళ్ళి, అక్కడా రాత్రి పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అదే ఆట ఆడుతున్నాను. నిద్రపట్టక లేచొచ్చిన అత్తయ్య నా వెనక నిలబడి చూసింది. కంప్యూటరులో తన ఆట చూడటం ఆవిడకి అదే మొదటిసారి.

"ఆ డైమను అయిదుని పైకెందుకు పంపావే? ఇప్పుడు ఆ కళావరు నాలుగుకి చోటేదీ?"

నిజమే. కళావరు నాలుగు కింద ఇంకా నాలుగు ముక్కలు మూసి ఉన్నాయి. నేను అన్‌డూ నొక్కి అయిదుని కిందికి తెచ్చాను. ఆవిడ నవ్వింది. "ఇది వెనక్కి తీసుకోనిస్తుందా! అయితే ఇంక ఓడిపోవడమెందుకు?"

"ఓడిపోతాం అత్తయ్యా. కొన్ని ఆటలు ఎలా ఆడినా రావు" అన్నాను. తర్వాత ఆ మాటకి లెక్క దొరికింది. మూసిన ముక్కలన్నీ ముందే తెలిసి, తప్పు లేకుండా ఆడగలిగితే, మూడేసి తిప్పే పద్ధతిలో నూటికి దాదాపు 82 పంపకాలు గెలవదగ్గవేనని కంప్యూటర్లతో లెక్కకట్టారు. అంటే 18 ఎవరు ఆడినా ఓటమే. మనకి మూసిన ముక్కలు తెలియవు కాబట్టి, ఎంత బాగా ఆడినా ఆ 82 కూడా మన చేతికి రావు. ఓడిపోయిన ఆటలన్నీ చేతగాక ఓడిపోయినవి కావు. అన్నీ పంపకం వల్ల ఓడిపోయినవీ కావు.

అత్తయ్యకి ఆ లెక్క అక్కర్లేదు. తన పద్ధతి తనకుంది. ఆడేటప్పుడు ఎన్నడూ దొంగచాటుగా ముక్క ఎత్తి చూసేది కాదు. ఆట బిగుసుకుపోయాక మాత్రం, కట్ట కలిపెయ్యకుండా, మూసిన ముక్కలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసేది. ఆసు ఎక్కడ ఇరుక్కుందో, తను ఎక్కడ వేరేగా ఆడి ఉండాల్సిందో వెతికేది. "ఇది నాది తప్పు" అనో, "దీనికెవరూ ఏం చెయ్యలేరు" అనో తేల్చుకుని అప్పుడు ముక్కలు కలిపేది. చిన్నప్పుడు అది నాకు విసుగ్గా ఉండేది. సాహిత్యం చదువుకున్నాక, ఒక పాఠం దగ్గర కూర్చుని నేను చేసేది అదేనని అర్థమైంది.

ఆ రాత్రి ఆ చనువుతో, అంతకుముందు ఎప్పుడూ అడగనిది అడిగాను. మామయ్య పోయాక రైల్వేలో ఆవిడకి కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇస్తామని కాగితం వచ్చిందని మా అమ్మ ఒకసారి నోరుజారింది. అత్తయ్య ఎస్సెల్సీ పాసయింది. "ఎందుకు వెళ్ళలేదత్తయ్యా? రాత అనుకున్నావా?"

ఆవిడ కాసేపు తెర మీద ముక్కల్నే చూసింది. "కాగితం వచ్చింది. అక్కర్లేదని మీ తాతయ్య జవాబు రాశాడు. సంతకం పెట్టమంటే పెట్టాను. పంచింది దేవుడే కావచ్చు. కానీ ఆడింది నేను కాదే. నా ముక్కలు మీ తాతయ్య ఆడాడు."

కోపంగా అనలేదు. ఆట అయ్యాక ముక్కలు తిప్పి చూసినప్పటి గొంతే అది.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. నా పరిశోధన స్త్రీల స్వీయకథనాల మీద. నాలుగేళ్ళుగా నేను వాటిని రెండు కుప్పలుగా చేస్తూ వచ్చాను. తమ బతుకుని ఖర్మకి వదిలేసినవి ఒక వైపు, తమ నిర్ణయాల్ని తామే తీసుకున్నామని చెప్పినవి ఇంకో వైపు. మొదటి కుప్ప మీద జాలి, రెండో దాని మీద గౌరవం. మన ఇళ్ళలో చేసేదీ ఇదే. ఆడదాని బతుకు బాగులేకపోతే "దాని ఖర్మ" అంటారు, లేదా "చేతులారా చేసుకుంది" అంటారు. మూడో ప్రశ్న ఎవరూ అడగరు: ఆ చేతి ముక్కల్ని ఆడిందెవరు? స్త్రీ శక్తి సంఘటన 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర'ని మళ్ళీ తీశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు పట్టిన, గర్భంతో అడవుల్లో తిరిగిన స్త్రీలు, పోరాటం ముగిశాక ఇళ్ళకి వెళ్ళిపొమ్మన్న మాటని ఎలా గుర్తుచేసుకున్నారో మళ్ళీ చదివాను. వాళ్ళ కథ ఖర్మా కాదు, సొంత ఎంపికా కాదు. నా మూడో అధ్యాయం ఎందుకు ఆగిపోయిందో అప్పుడు తెలిసింది. నేను చేసిన కుప్పల్లో ఇమడనివాళ్ళే అందులో ఎక్కువ.

అత్తయ్య మాటలో నాకు మింగుడుపడని సంగతి ఇంకొకటుంది. మామయ్య ప్రావిడెంట్ ఫండ్ డబ్బు తాతయ్య చేతికే వచ్చింది. అప్పటికి నాన్న డిగ్రీ చదువుతున్నాడు. ఆ ఫీజులు, హాస్టలు ఖర్చు అందులోంచే కట్టారు. నాన్నకి ఉద్యోగం వచ్చింది, నాకు ఇంగ్లీషు మీడియం చదువు వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. స్త్రీల ఏజెన్సీ గురించి సదస్సుల్లో పేపర్లు చదివిన నేను నిలబడ్డ నేల ఆవిడది. దీని గురించి నాన్నని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలుసమ్మా. అప్పుడు అడగాలని తోచలేదు, తర్వాత అడగడానికి మొహం చెల్లలేదు" అన్నాడు. ఇన్నేళ్ళూ అక్కయ్యకి చీరలు పెట్టాడు, మందులు కొన్నాడు. ఆ డబ్బు మాట మాత్రం వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

నా సంగతికొస్తే, నా ముక్కల్ని ఎవరో లాక్కున్నారని చెప్పలేను. నేనే ఒక్కొక్కటిగా ఇస్తూ వచ్చాను. వీలుంది కదా అని పైకి పంపేసిన అయిదులూ ఆరులూ అవి. ఆడినది నేనే, తప్పూ నాదే. అది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది గానీ, ఒప్పుకున్నాక చెయ్యాల్సింది తెలిసింది. 2017లో గడువు పొడిగించమని అర్జీ పెట్టి హైదరాబాదులో వర్కింగ్ వుమెన్స్ హాస్టల్లో చేరాను. ఎనిమిది నెలలున్నాను. మా అత్తగారు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నా భర్త మొదట ముభావంగా ఉన్నాడు, తర్వాత నెలకోసారి వచ్చాడు. 2018లో థీసిస్ సమర్పించాను. అది గెలుపు అనను. ఇప్పటికీ నాది కాంట్రాక్టు ఉద్యోగమే, ఏటేటా మళ్ళీ పేక కలిపినట్టే ఉంటుంది. ఈ పంపకంలో నా చేతిలో లేనివి చాలా ఉన్నాయి. ఏవి ఉన్నాయో, ఏవి లేవో మాత్రం ఇప్పుడు కాస్త తెలుస్తోంది.

థీసిస్ కాపీ తీసుకెళ్ళి అత్తయ్య చేతిలో పెట్టాను. బరువు చూసి "ఇంతా నువ్వే రాశావా" అంది. మూడో అధ్యాయంలో తన మాట ఉందని చెబితే, ఎక్కడుందో చదివించుకుంది. విని, "పేరు రాయలేదు కదా" అని అడిగింది. రాయలేదన్నాను. "మంచిపని చేశావు" అంది. కాసేపయ్యాక, "రాసినా ఏం పోయేది కాదులే" అంది.

మూడేళ్ళ క్రితం అత్తయ్య పోయింది. ఫోన్లో ఇప్పుడు వచ్చే సాలిటైర్లలో, తప్పకుండా గెలవగలిగే పంపకాలే కావాలని ఎంచుకునే వీలుంది. నేను దాన్ని వాడను. రాత్రి పని అయ్యాక ఆవిడ కట్టతోనే చాప మీద కూర్చుని ఆడతాను. చాలాసార్లు ఓడిపోతాను. ఓడిపోయాక వెంటనే కలిపెయ్యను. మూసిన ముక్కలు ఒక్కొక్కటే తిప్పి, ఇందులో పంపకం ఎంత, నా ఆట ఎంత అని చూసుకుంటాను. ఆ చాప మీద మూడో ప్రశ్న అక్కర్లేదు, అక్కడ వేరే చెయ్యి ఉండదు. ఆ ఆట కోసం అత్తయ్య నలభై ఏళ్ళకు పైగా ఆ వసారాలో ఎందుకు కూర్చుందో నాకు ఇప్పుడు తెలుసు.